చక్రవర్తి చిమ్మట, పచ్చపులి, ఒక ఎడమచేతి గ్లవ్

“కదలకండి!”

అరుపు నేలలోంచి వచ్చింది. నేల అరిస్తే ఎవరు మాత్రం కదలకుండా ఉంటారు? హెస్టర్ చేతిలోని సంచి వదిలేసి ఎగిరి గంతేసింది. ఆమె దిగిన చోట, ఇసుక బాట మీద పచ్చగా మెరుస్తున్నదేదో ఝుమ్మని లేచి పొదల అవతలికి మాయమైపోయింది.

“అయిపోయింది. అంతా అయిపోయింది,” అంటూ కొండబీడు మీది హెదర్ పొదల మధ్యనుంచి ఒక యువకుడు లేచి కూర్చున్నాడు. ముక్కు నిండా ఇసుక. గడ్డానికి పచ్చసొన. చేతిలో సగం తిన్న గుడ్డు శాండ్‌విచ్.

“ఏమైపోయింది?”

“నా పచ్చపులి! పొద్దుట్నించీ బోర్లా పడుకుని దాని వెనకాలే పాకుతున్నానండీ. మీరొచ్చి సరిగ్గా దాని నెత్తిన గంతేశారు.”

“పులా?” హెస్టర్ భయంగా చుట్టూ చూసింది. తరవాత అర్థమైంది. “ఓ, పురుగా! ఒక పేడపురుగు కోసమా ఇంత గొడవ?”

“పేడపురుగా?” అతని ముఖం ఎర్రబడింది. “పెంకుపురుగుల్లో మహారాజండీ అది. ఈ దేశంలో కాళ్ళున్న పురుగుల్లో దాన్ని పట్టుకోగల మొనగాడు లేడు. పేడపురుగట, పేడపురుగు!”

“సరే, మహారాజే. తమరు కూర్చున్నది మాత్రం నా సంచి మీద.”

అతను గభాల్న లేచాడు. సంచి అప్పడంలా అయిపోయి ఉంది.

హెస్టర్ ఒక పాత ఆకుపచ్చ ఉన్ని గ్లవ్‌ను ఎడమచేతికి తొడుక్కుని, సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీసి, నొక్కుకుపోయిన దాని మూతను ఊడదీసింది. లోపల రబ్బరు బిరడా. అంతే.

“దీనికోసమా అంత దిగులు? సీసా మూత!” అన్నాడతను.

“ఇది సీసా మూత కాదు, పెళ్ళిపిలుపు,” అంది హెస్టర్. “ఆడ చక్రవర్తి చిమ్మట వాసన దీనికి పట్టించి ఉంటుంది. మన ముక్కుకి తెలియదు. మగవాటికి మాత్రం మైలు దూరంనుంచి తెలుస్తుంది. ఈ గాలికి, ఈ ఎండకి ఇవాళ కచ్చితంగా వచ్చేవి. మీరు దీన్ని నలిపి నాశనం చేసి పెట్టారు.”

“చిమ్మటా? ఆ నోరు లేని దద్దమ్మా?” అన్నాడు శాండ్‌విచ్ కొరుకుతూ. “పుట్టిన దగ్గర్నించీ పోయేదాకా ఒక్క మెతుకు తినదట కదా. అదీ ఒక బతుకేనా!”

హెస్టర్ అతన్ని ఎగాదిగా చూసింది. “మరే. తిండే బతుకు కొందరికి. గడ్డం తుడుచుకోండి,” అని సంచి భుజాన వేసుకుని విసురుగా వెళ్ళిపోయింది.

ఆ విసురులో గ్లవ్ ఎక్కడో జారిపోయింది.

ఈ సంగతి నేను ఇద్దరి నోటా విడివిడిగా విన్నాను. ఒకరి కథకీ ఇంకొకరి కథకీ అసలు పొంతనే లేదు. అతను చెప్పినదాంట్లో ఆమె సంచిని కావాలనే అతని కింద పెట్టింది. ఆమె చెప్పినదాంట్లో అతను మూడు శాండ్‌విచ్‌లు తిన్నాడు. నాకు నచ్చినవి ఏరుకుని ఇలా అతికించాను.

నన్ను డోరీన్ అంటారు. మా ఆయన క్లిఫర్డ్, అంటే మా క్లిఫ్, థార్న్‌బెక్ ఊరి ప్రకృతి క్లబ్బుకి అధ్యక్షుడు. ఆయన ప్రాణం నాచు మీద. నా ప్రాణం తీసేది ఆ క్లబ్బే. పక్షులవాళ్ళు, కప్పలవాళ్ళు, పుట్టగొడుగులవాళ్ళు, అందరికీ కొండబీడు మీద టీ కాచి పోసేది నేను. పురుగులంటే నాకు ఒంటిమీద జెర్రులు పాకినట్టుంటుంది. అలాంటిదాన్ని ఒక చిమ్మటకీ ఒక పెంకుపురుగుకీ మధ్య మధ్యవర్తినయ్యాను. రాత అంటే ఇదే మరి.

ఆ కుర్రాడి పేరు విల్ఫ్ హార్కర్. ఊళ్ళో కొత్తగా సైకిళ్ళ షాపు పెట్టాడు. నడవడం అతనికి రాదు, పరుగే. మాటలూ అంతే. ముందు నోరు వెళ్ళిపోతుంది, బుర్ర వెనకాల ఆయాసపడుతూ వస్తుంది. హెస్టర్ మెట్‌కాఫ్ మా ఊరి లైబ్రరీలో పనిచేస్తుంది. ఒక చిమ్మట గూటిలోంచి బయటికి వచ్చేదాకా కుర్చీ వేసుకుని ఎదురుచూడగల పిల్ల. ఏదైనా పది పుస్తకాలు చదివితే గానీ మాట బయటికి రాదు.

ఆ వసంతంలో మా క్లబ్బుకి కొత్త బ్యాడ్జి కావలసి వచ్చింది. పాత బ్యాడ్జి మీదున్న పక్షిని అందరూ బాతు అనుకుంటున్నారని పక్షులవాళ్ళు అలిగారు. ఈసారి పురుగు వేద్దామన్నారు. హెస్టర్ చక్రవర్తి చిమ్మట అంది. అప్పుడే క్లబ్బులో చేరిన విల్ఫ్ పచ్చపులి అన్నాడు. ఒకరినొకరు చూసుకున్నారు.

“మీరా!”

“మీరా!”

క్లిఫ్ బల్ల మీద చెంచాతో కొట్టాడు. “అయితే రూలు ప్రకారం వాదన జరగాలి. మే నెల మొదటి ఆదివారం, కొండబీడు మీద.”

మా క్లబ్బు రూలు లోకంలో ఎక్కడా ఉండదు. ఎవరి ప్రాణిని వాళ్ళు పొగుడుకోకూడదు. ఎదుటివాళ్ళ ప్రాణిని పొగడాలి. ఒకప్పుడు గుడ్లగూబ గొప్పా నీటికుక్క గొప్పా అని ఇద్దరు పెద్దమనుషులు గొడుగులతో కొట్టుకున్నాక పెట్టిన రూలది. కాబట్టి హెస్టర్ పచ్చపులి గురించి మాట్లాడాలి, విల్ఫ్ చిమ్మట గురించి.

“చచ్చాం,” అన్నాడు విల్ఫ్.

“మొదటిసారి ఒక తెలివైన మాట అన్నారు,” అంది హెస్టర్.

*

వాదనకి ముందురోజు హెస్టర్ మా వంటింట్లో కూర్చుని, కేకు పక్కన పెట్టిన జున్నుముక్కని ఫోర్కుతో పొడుస్తూ ఉండిపోయింది.

“ఏమైందమ్మాయ్? జున్ను ఏం పాపం చేసింది?”

“ఆర్క్‌నీ దీవుల్లో ఉద్యోగం వచ్చింది ఆంటీ. అక్కడి బీళ్ళ మీద చిమ్మటల్ని చూసుకునే పని. ఇలాంటిది కావాలనే కదా ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. రేపు సాయంత్రంలోగా వస్తాననో రాననో ఫోన్ చేసి చెప్పాలి.”

“మరింకేం? ఎగిరి గంతెయ్యి!”

“వేస్తాను,” అంది, అస్సలు వెయ్యని ముఖంతో. “ఇక్కడ నన్ను ఉండమనేవాళ్ళు మాత్రం ఎవరున్నారు? రమ్మంటే వెంట వచ్చేవాళ్ళున్నారా?” కాసేపాగి అంది. “ఆ హార్కర్ గారికి నా గ్లవ్ ఏమైనా దొరికిందేమో అడుగుతారా? అది మామూలు గ్లవ్ కాదు. ఆ బిరడాలన్నీ దాంతోనే పట్టుకుంటాను. వాసన దానికి బాగా ఇంకిపోయింది.”

“నువ్వే అడగచ్చుగా?”

“అతన్నా? నన్ను నోరు లేని దద్దమ్మ అన్నాడు.”

“నిన్ను కాదే, చిమ్మటని.”

“నన్ను చూస్తూ అన్నాడు,” అని జున్నుని చివరిసారిగా పొడిచి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళిన కాసేపటికి విల్ఫ్ నా సైకిలు బ్రేకులు బాగుచెయ్యడానికి వచ్చాడు. పిండిలో పంది మాంసం కూరి కాల్చిన ‘పై’ని వేడివేడిగా కోసి ముందుపెట్టాను. అంతకుముందు ఒకసారి వచ్చినప్పుడు ఈ కుర్రాడు పై మొత్తం తిని, పళ్ళెం వాసన చూసి, క్లిఫ్ పళ్ళెం వైపు ఆశగా చూసిన ఘనుడు. ఈసారి పైని ముట్టుకోలేదు. కిటికీలోంచి లైబ్రరీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఒంట్లో బాగాలేదా నాయనా?”

“ఆకలి లేదండీ. ఏం తినబుద్ధి కావడం లేదు. ఈమధ్య అంతే.”

నాకు నవ్వొచ్చింది. ఈ జబ్బు పేరు నాకు తెలుసు. క్లిఫ్‌కీ వచ్చింది ఒకప్పుడు, నమ్మండి నమ్మకపోండి.

“ఇంతకీ, హెస్టర్ గ్లవ్ ఒకటి బీడు మీద పోయిందట. నీకేమైనా కనబడిందా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అతని చెయ్యి ఠక్కున జాకెట్టు లోపలిజేబు మీదికి వెళ్ళింది.

“గ్లవ్వా? ఏ గ్లవ్వు? ఎడమచేతిదా? ఆకుపచ్చదా? నేనసలు చూడలేదండీ!”

“ఎడమచేతిదని నేను చెప్పలేదే.”

విల్ఫ్ సుత్తి కాలిమీద వేసుకున్నాడు.

కాలు ఊదుకోవడం అయ్యాక నెమ్మదిగా చెప్పాను. “చూడు నాయనా, ఆ పిల్ల ఆర్క్‌నీ వెళ్ళిపోతోంది. రేపు సాయంత్రం ఫోన్ చేసి ఒప్పుకుంటోంది. చెప్పదలచుకున్నదేమైనా ఉంటే ఈలోగానే చెప్పు.”

“ఆర్క్‌నీయా? సముద్రం అవతలా?” అన్నాడు. “నేనేం చెబుతానండీ? నేను నోరు తెరిస్తే ఆమెకి కోపం వస్తుంది. తెరవకపోతే నాకు పిచ్చెక్కుతుంది. ఆమె దృష్టిలో నేనొక పేడపురుగుని.”

“పేడపురుగైతేనేం, చెప్పి చూడు.”

“అలాగే,” అని గొణిగి, బ్రేకులు బిగించకుండానే పారిపోయాడు. ఆ సాయంత్రం నేను ఆ సైకిలు మీద దిగుడులో చర్చి గోడదాకా ఆగకుండా వెళ్ళాను.

*

ఆదివారం పొద్దుట్నించీ సన్నటి వాన. మా వైపు వాన కురవదు, మనుషుల మీద వాలి కూర్చుంటుంది. బీడు మీద టార్పాలిన్ కట్టి, దాని కింద టీ డ్రమ్ము చుట్టూ క్లబ్బు మొత్తం మడతకుర్చీల్లో ముడుచుకుని కూర్చుంది. పక్షులవాళ్ళ మెడల్లో బైనాక్యులర్లు. పుట్టగొడుగులవాళ్ళ ఒళ్ళో బుట్టలు. విల్ఫ్ జాకెట్టు గుండీలు గొంతుదాకా పెట్టుకుని, ఎవరి అంత్యక్రియలకో వచ్చినవాడిలా కూర్చున్నాడు.

ముందు హెస్టర్ లేచింది. జుట్టు మీద వాన చుక్కలు మెరుస్తున్నాయి. విల్ఫ్ ఆ చుక్కల్ని చూసి, ఆకాశాన్ని చూసి, తన బూట్లని చూసుకుని, మళ్ళీ చుక్కల దగ్గరికే వచ్చాడు.

“పచ్చపులి అందంగా ఉంటుంది,” అంది హెస్టర్, చేదుమందు మింగుతున్నట్టు. “ఒళ్ళంతా పచ్చ, వీపు మీద మీగడరంగు చుక్కలు, రాగికాళ్ళు. ఇది నిజం కాబట్టి ఒప్పుకుంటున్నాను. దానికి పెద్ద దవడలుంటాయి. దొరికిందల్లా తింటుంది. మా చిమ్మటకి ఆ తిండియావ లేదు.”

“రూలు! రూలు!” అని కప్పలవాళ్ళు అరిచారు.

“సరే, సరే. ఇక దాని పరుగు. చాలా వేగంగా పరిగెడుతుంది. ఎంత వేగమంటే, పరిగెత్తేటప్పుడు దానికి కళ్ళు కనబడవు. ఎదుట ఉన్నది కూడా కనబడదు. అందుకని కాస్త పరిగెత్తి ఆగుతుంది. చూస్తుంది. మళ్ళీ పరిగెడుతుంది.” ఆమె గొంతు కొంచెం తగ్గింది. “నాకు తెలిసినవాళ్ళలో అలాంటివాళ్ళు ఒకరున్నారు. పరుగు బాగా వచ్చు. ఆగి చూడడమే ఇంకా రాలేదు. పచ్చపులి ఈ విషయంలో వాళ్ళకంటే చాలా గొప్పది. అంతే.”

“ఓహో!” అన్నారు పుట్టగొడుగులవాళ్ళు. నేను విల్ఫ్‌కి టీ అందించాను.

“ఇప్పుడు హార్కర్ గారు,” అని క్లిఫ్ చెంచా మోగించాడు.

విల్ఫ్ లేచాడు. అప్పుడే వాన ఆగింది. నేను ఆకాశాన్ని నమ్మే మనిషిని కాదు, కానీ టార్పాలిన్ అంచున ఒక ఎండచార పడటం నా కళ్ళతో చూశాను.

“చక్రవర్తి చిమ్మట,” అని మొదలుపెట్టాడు. మొదటిసారి అతను నిదానంగా మాట్లాడుతున్నాడు. “రెక్కకొక కన్ను. నాలుగు కళ్ళూ మనల్నే చూస్తున్నట్టుంటాయి. దీనికి నోరు లేదు. నేనిది ఎగతాళిగా అన్నాను ఒకరోజు. బుద్ధిలేక అన్నాను. గొంగళిపురుగుగా ఉన్నప్పుడే తిండంతా అయిపోతుంది దానికి. రెక్కలొచ్చాక మగదానికి ఒక్కటే పని, వెతకడం. ఎక్కడో పొదలో ఆడది కదలకుండా కూర్చుంటుంది. వీడు తిండి లేకుండా, ఎదురుగాలిలో, మైళ్ళకి మైళ్ళు...” ఆగాడు. “తిండి మానేసి ఎవడైనా ఎందుకు తిరుగుతాడో నాకు ఇదివరకు అర్థమయ్యేది కాదు. ఈమధ్యే...”

ఏదో నారింజరంగుది సర్రున వచ్చి అతని ఛాతీకి కొట్టుకుంది.

విల్ఫ్ దాన్ని చేత్తో తోలాడు. అది వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఇంకొకటి వచ్చింది. బీడు మీద ఎండ పరుచుకుంటోంది. పొదల మీంచి, రాళ్ళ మీంచి, టీ డ్రమ్ము మీంచి మగ చక్రవర్తులు వంకరటింకరగా దూసుకొస్తున్నారు. అందరిదీ ఒకటే దారి. విల్ఫ్ హార్కర్ గుండె.

“ఈమధ్యే అర్థమైంది... పో! ...అర్థమైంది ఏమిటంటే... పోరా బాబూ!”

ఒకటి గొంతు దగ్గర దూరే సందు వెతుకుతోంది. ఒకటి అతని చెవిమీద కూర్చుని రెక్కలు కొడుతోంది. నేను నా స్కార్ఫుని ముఖం నిండా చుట్టుకున్నాను.

పక్షులవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. చిమ్మటలవాళ్ళు మాత్రం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెంకుపురుగులు పట్టేవాడికి ఇది తెలిసే దారి లేదు గానీ, చిమ్మటలు పట్టేవాళ్ళలో పసివాడికి కూడా తెలుసు. మగ చిమ్మట ఊరికే మనిషి మీద వాలదు.

హెస్టర్ లేచి నిలబడింది.

“హార్కర్ గారూ, మీ జాకెట్టు లోపల ఏముంది?”

“రుమాలు.”

“మీ రుమాలు కోసం నా చిమ్మటలెందుకు వస్తాయి?”

“జలుబు... రుమాలు... వాటికీ జలుబేమో...”

“గుండీలు విప్పండి.”

విల్ఫ్ దిక్కులు చూశాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఇక దాచి ఏం లాభం? అతను గుండీలు విప్పి, లోపలిజేబులోంచి నెమ్మదిగా తీశాడు. పాత ఆకుపచ్చ ఉన్ని గ్లవ్. ఎడమచేతిది. చక్కగా మడతపెట్టి ఉంది.

తీసిందే తడవు, వచ్చిన చక్రవర్తులందరూ దాని వేళ్ళ మీద వాలిపోయారు.

క్లిఫ్ చెంచా పక్కన పెట్టేశాడు.

“మొదటిరోజే దొరికింది,” అన్నాడు విల్ఫ్. “ఇచ్చేద్దామని రోజూ లైబ్రరీ దాకా వచ్చాను. ఇచ్చేస్తే మళ్ళీ రావడానికి వంక ఉండదని రోజూ వెనక్కి వెళ్ళిపోయాను. దీనికి ఏ వాసనా లేదండీ, ప్రమాణంగా. నేను చాలాసార్లు చూశాను.”

అన్నాక, ఏమన్నాడో అతనికే వినబడింది. చెవులు కాలిపోతున్నట్టు ఎర్రబడ్డాయి. గ్లవ్‌ని గుండెకి అదుముకుని బీడుకి అడ్డంపడి పరుగెత్తాడు. అతని వెనకాల చక్రవర్తుల దండు.

హెస్టర్ కదల్లేదు. చిమ్మట గూటిలోంచి ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తున్నట్టు నిలబడిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. “ఏమిటే అలా చూస్తావు? పది పుస్తకాలు చదివి రావాలా? ఆ గ్లవ్‌ని మోస్తూ వాడు తిండి మానేశాడే! నేను చేసిన పై కూడా ముట్టుకోలేదు! పరుగెత్తు!”

హెస్టర్ పరుగెత్తింది. నా జన్మలో ఆ పిల్ల పరుగెత్తగా చూడలేదు. లంగా అంచులు పట్టుకుని, పొదల మీంచి దూకుతూ, రాళ్ళ మీంచి గెంతుతూ వెళ్ళింది. పక్షులవాళ్ళు బైనాక్యులర్లు పైకెత్తారు. ఒకాయన బైనాక్యులర్‌ని ఆయన మెడలో ఉండగానే నేను లాక్కుని చూశాను.

“దగ్గరికొచ్చేసింది,” అన్నాడాయన, సగం ఉక్కిరిబిక్కిరవుతూ.

“అయ్యో, దాటిపోతోంది!” అన్నాను నేను.

నిజమే. విల్ఫ్ ఒక బండ పక్కన కూలబడి ఆయాసపడుతున్నాడు. ఆమె అతని పక్కనుంచే దూసుకుపోయి, చాలా దూరం వెళ్ళి, ఆగి, చుట్టూ చూసి, వెనక్కి తిరిగింది. అచ్చం పచ్చపులే.

అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. ఈసారి రెండు కథలూ అక్షరం తేడా లేకుండా ఒకటే.

“నన్ను దాటిపోయారు,” అన్నాడు విల్ఫ్.

“కళ్ళు కనబడలేదు,” అంది హెస్టర్. “నా గ్లవ్ ఇవ్వు.”

ఇచ్చాడు. ఆమె దాన్ని చూసింది, తన చేతికి తొడుక్కోలేదు. అతని ఎడమచేతికి తొడిగింది. వేళ్ళు సగం వరకే పట్టాయి. చిమ్మటలు మళ్ళీ దాని మీద వాలాయి.

“నేను ఆర్క్‌నీ వెళ్తున్నాను విల్ఫ్. అది నాకు చాలా ఇష్టమైన పని. మానుకోను.”

“మానుకోమని ఎవరన్నారు?” అన్నాడు. మళ్ళీ నోరు ముందు పరుగెత్తింది, కానీ ఈసారి బుర్ర కూడా పక్కనే ఉంది. “అక్కడ సైకిళ్ళుంటాయా?”

“ఉంటాయి. గాలి చాలా ఎక్కువట. రోజూ ఎవరో ఒకరు పడతారు.”

“మరి ఇంకేం! బాగుచేసేవాడు ఒకడు ఉండాలి కదా. నేను వస్తాను. ఎదురుగాలైనా వస్తాను. నిన్ను ప్రేమిస్తున్నానని ఆ టార్పాలిన్ కిందే చెప్పాలనుకున్నాను, ఈ వెధవలు అడ్డొచ్చారు.”

“అడ్డు రాలేదు,” అంది హెస్టర్. “నీకంటే ముందే చెప్పారు.”

చెయ్యీ చెయ్యీ పట్టుకుని వచ్చారు. క్లబ్బు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. విల్ఫ్ తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

“డోరీన్ ఆంటీ, పై ఏమైనా మిగిలిందా? చచ్చే ఆకలిగా ఉంది.”

నా బుట్టలోంచి తీసి, కోసి ఇచ్చాను. తిన్నాడు. క్లిఫ్‌ది కూడా తిన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఉల్లిపాయల మీదికి తోశాను. పైలో ఉల్లిపాయలు వెయ్యనని ఎవరూ గుర్తుచెయ్యలేదు.

“వాదన పూర్తికాలేదు,” అన్నాడు క్లిఫ్ చెంచా పట్టుకుని. “చిమ్మటకి ఎందరు? పచ్చపులికి ఎందరు?”

ఒక్క చెయ్యి లేవలేదు. అప్పుడు కప్పలవాళ్ళలో ఎవరో “గ్లవ్!” అన్నారు. అంతే, అన్ని చేతులూ లేచాయి. క్లిఫ్ చెంచా చెయ్యి కూడా.

ఆ సాయంత్రం ఆర్క్‌నీకి ఫోన్ మా ఇంటినుంచే వెళ్ళింది. మరుసటి వసంతంలో అక్కడే పెళ్ళి. పెళ్ళిలో పాతది ఒకటి ఒంటిమీద ఉండాలనే మా ఆనవాయితీ కోసం పెళ్ళికూతురు ఆ ఆకుపచ్చ గ్లవ్ తొడుక్కుని, పెళ్ళికొడుకు భుజం మీద ఆ చెయ్యి వేసింది. ఎండ కాసింది. ఫోటోల్లో పెళ్ళికొడుకు ముఖం ఒక్కదాంట్లోనూ కనబడదు, అన్నిటిలోనూ రెక్కలే.

ఇప్పుడు మా క్లబ్బు బ్యాడ్జి మీద ఏ పురుగూ లేదు. ఒక ఎడమచేతి గ్లవ్ ఉంది. మాది ఉన్ని అల్లుకునేవాళ్ళ సంఘమా అని పక్క ఊళ్ళవాళ్ళు అడుగుతుంటారు. అవునని చెబుతాను, అంత కథ ఎవరు చెబుతారు? పురుగులంటే నాకు ఇప్పటికీ పడదు. ఆ బ్యాడ్జిని మాత్రం కోటు మీంచి తియ్యను.